తగిలినవాళ్ళే చెప్పాలి

మా తెలుగు చర్చికి సొంత బిల్డింగు లేదు. క్రాన్‌బర్న్‌లో ఒక పాత హాలును ఆదివారం పొద్దున పూట అద్దెకు తీసుకునేవాళ్ళం. ఆరాధన, తర్వాత బిర్యానీ, ఆ తర్వాత ఎవరికి ఇక్కడే ఉండిపోయే పీఆర్ వచ్చింది, ఎవరికి రాలేదు అనే చర్చ. అవన్నీ అయ్యాక కుర్చీలెత్తి గోడవారగా పేర్చి వెళ్ళాలి. కుర్చీలు పేర్చడం స్టూడెంట్ల పని. అదీ దేవుని పరిచర్యేనని పెద్దవాళ్ళు చెప్పేవారు. అంత గొప్ప పరిచర్య వాళ్ళెందుకు చేసేవారు కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

అలా ఒక ఆదివారం చివరి వరస కుర్చీలు పేరుస్తుంటే, మా తర్వాత హాలు వాడుకునేవాళ్ళు పొడుగాటి సంచులు భుజాన వేసుకుని వచ్చారు. క్రికెట్ కిట్లనుకున్నాను. జిప్పులు లాగితే కత్తులు బయటపడ్డాయి. ఉక్కు కత్తులు, అంచు మొద్దుగా అరగదీసినవి. వాటికి జతగా అన్నం గిన్నె మూతంత గుండ్రటి చిన్న డాలు ఒకటి. దాన్ని బక్లర్ అంటారట. ఆ మూతను అడ్డం పెట్టుకుని ప్రాణం ఎలా కాపాడుకుంటారా అని నిలబడి చూశాను. చూస్తుంటే వాళ్ళ పెద్దాయన, తెల్ల గడ్డం, రిటైరైన హైస్కూలు మాస్టారు, ఒక కత్తి పిడిని నా వైపు తిప్పి పట్టుకున్నాడు. "ఊరికే చూస్తే చెయ్యి నొప్పి తెలియదు" అన్నాడు ఇంగ్లీషులో. నేను తీసుకున్నాను. యూనివర్సిటీలో డేటా అనలిటిక్స్ చదువుతూ, వారమంతా స్క్రీన్ మీద గళ్ళు చూసి చూసి కళ్ళు కాయలు కాచిపోయాయి. బరువున్న వస్తువేదో చేతికి తగిలితే ప్రాణం లేచి వచ్చింది.

నేను ఉండేది క్లైడ్ నార్త్‌లో, మా చర్చి ఆంటీ వాళ్ళింట్లో ఒక గది. ఆంటీది భీమవరం దగ్గర. ముసలివాళ్ళ హోమ్‌లో నర్సు. సంగతి విని ఆవిడ గరిటె కింద పెట్టింది.

"కత్తులేంటే తల్లీ? ఆడపిల్లవి, స్టూడెంట్ వీసా మీద ఉన్నావు. రేపు మొహం మీద గాటు పడితే మీ అమ్మకి నేనేం ఆన్సర్ చెప్పాలి?"

"మొద్దు కత్తులే ఆంటీ. మాస్కు పెట్టుకుంటాం."

"మాస్కు పెట్టుకుని కొట్టుకుంటారా! ఇంకేం, శుభం." 

ఆవిడ కూతురు సోఫాలోంచి తలెత్తకుండా, "లీవ్ హర్ అలోన్ మమ్, ఇట్స్ కూల్" అంది. దాంతో నాకు పర్మిషన్ వచ్చినట్టయింది.

ఈ విద్య గురించి కొంచెం చెప్పాలి. వందల ఏళ్ళ కిందట యూరప్‌లో ఇలా పోరాడేవాళ్ళు. తర్వాత తుపాకులు వచ్చాయి, కత్తులు గోడలెక్కాయి. నేర్పే గురువు లేడు, నేర్చుకున్న శిష్యుడు లేడు. మిగిలినవల్లా ఎవరో గీసిపెట్టిన బొమ్మలు. వాటి కాపీలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని సార్ తెచ్చేవాడు. (ఆయన్ని పేరుపెట్టి పిలవమని చాలాసార్లు చెప్పాడు. తెల్ల గడ్డం మాస్టారిని పేరుపెట్టి పిలవడానికి నా నోరు తిరగలేదు.) ఒక బొమ్మలో ఇద్దరి కత్తులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పక్క బొమ్మలో ఒకడి బక్లర్ ఎదుటివాడి రెండు చేతుల్నీ కలిపి నొక్కేసి ఉంటుంది, పాపం వాడు గిలగిల్లాడుతుంటాడు. మధ్యలో ఏం జరిగింది? అది ఎవరూ గీయలేదు. ఆ మధ్యలోది కనిపెట్టడానికి సార్ ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకున్నాడు. మేం ఆయన చెప్పినట్టల్లా నిలబడి, కదిలి, పొరపాటు పడి, మళ్ళీ నిలబడేవాళ్ళం.

ఆ మధ్యలోది కంటికి కనిపించే కదలిక కాదని ఆయన నమ్మకం. కత్తులు ఆనుకున్నప్పుడు ఎదుటివాడు గట్టిగా నొక్కుతున్నాడా, మెత్తగా వదిలేశాడా అనేది పిడిలోంచి వేళ్ళకు తెలుస్తుంది. వాడు గట్టిగా నొక్కితే నువ్వు మెత్తబడి జారిపో, వాడి బలం గాల్లోకి పోతుంది, అప్పుడు బక్లర్‌తో చేతులు కట్టెయ్. చెప్పడం తేలికే. అందుకని ప్రతివారం ముందుగా ఒక అభ్యాసం చేయించేవాడు. ఇద్దరిద్దరం కత్తులు ఆనించి కళ్ళు మూసుకోవాలి. "గట్టిగానా, మెత్తగానా?" అని అడుగుతాడు. వేళ్ళతో విని చెప్పాలి. మొదట్లో నేను చెప్పినవన్నీ తప్పులే. కొన్ని వారాలకు నిజంగానే తెలియడం మొదలైంది. చీకట్లో స్విచ్ ఎక్కడుందో చేతికి తెలిసినట్టు తెలిసేది. ఆ రోజు ఇంటికొచ్చి ఆంటీకి పప్పు గరిటెతో చూపించబోయి తిట్లు తిన్నాను.

వాళ్ళకొక పద్ధతి ఉంది. కత్తి తగిలిందని కొట్టినవాళ్ళు అనకూడదు. తగిలినవాళ్ళే చెయ్యెత్తి "హిట్" అని చెప్పాలి. అంపైరు లేడు, లెక్క రాసేవాళ్ళు లేరు. మా ఊళ్ళో క్రికెట్ ఆడేటప్పుడు వికెట్లు ఎగిరిపడ్డా గాలికి పడ్డాయని వాదించినవాళ్ళే తప్ప, నేను ఔటయ్యానని తనంతట తాను బ్యాటు వదిలినవాణ్ణి నేను చూసిన పాపాన పోలేదు. ఇక్కడ పొడుగాటి మగాళ్ళు ఎవరూ అడక్కుండానే చెయ్యెత్తి ఒప్పుకుంటుంటే నాకు ముచ్చటేసింది. సార్ కొత్తవాళ్ళకి మొట్టమొదట చెప్పేది అదే. "తగిలింది తెలియనివాళ్ళు, తెలిసినా చెప్పనివాళ్ళు, ఇద్దరూ ఇక్కడ ఆడకూడదు. వాళ్ళు ఆగరు. ఆగకపోతే ఎవరికో ఒకరికి ఎముక విరుగుతుంది."

నేను సార్‌తో ఆడిన మొదటిసారి ఏదో గుడ్డిగా ఊపితే నా కత్తి ఆయన మోచేతికి తగిలింది. ఆయన చెయ్యెత్తేలోపే నా చెయ్యి పని కానిచ్చేసింది. కత్తి పట్టుకున్న పిడికిలి అలాగే వెళ్ళి మాస్కు ముందున్న ఇనప జాలీకి రెండుసార్లు తాకింది. పెద్దవాళ్ళకి కాలు తగిలినా, పుస్తకం కింద పడినా కళ్ళకద్దుకోవడం మాకు చిన్నప్పట్నించీ ఒంట్లో ఇంకిపోయింది. బైబిల్ జారిపడితే మా అమ్మ ముందు అద్దుకుని తర్వాత దుమ్ము దులుపుతుంది. తండ్రి వయసు మనిషిని ఇనుముతో కొట్టి చేతులు కట్టుకుని నిలబడటం నా వల్ల కాలేదు. అందరూ పడీపడీ నవ్వారు. సార్ నవ్వలేదు. అదేమిటో అడిగి తెలుసుకుని, "మంచి అలవాటు. మానుకోకు" అన్నాడు. మానుకోవాలన్నా ఎక్కడ మానుతాం? ఆయనకు తగిలిన ప్రతిసారీ నా చెయ్యి జాలీకి వెళ్ళేది. మిగతావాళ్ళను కొడితే వెళ్ళేది కాదు. వాళ్ళు నా ఈడువాళ్ళే, ఏం పర్వాలేదు.

రెండో ఏడు చలికాలంలో ఏదో మారింది. కళ్ళు మూసుకునే అభ్యాసంలో సార్ మాతో కలవడం మానేశాడు. పక్కన నిలబడి అడగడమే. ఆయన చేతిలోంచి కత్తి ఒకట్రెండుసార్లు జారింది. ఆట మధ్యలో నా కత్తి ఆయన మణికట్టు మీద స్పష్టంగా పడేది, ఆయన ఆగేవాడు కాదు. ముందు నేనే పొరబడ్డాననుకున్నాను. ఆ గోలలో కత్తి బక్లర్‌కి తగిలిందో చేతికి తగిలిందో చప్పుడును బట్టి చెప్పలేం. కానీ వారం వారం అదే జరుగుతుంటే ఎన్నిసార్లని పొరబడతాను?

మిగతావాళ్ళూ గమనించారు. మా యూనిలోనే ఇంజనీరింగ్ చదివే పొడుగాటి కుర్రాడొకడు సార్ తర్వాత పెద్దగా ఉండేవాడు. వాడు ఒకరోజు మాస్కులు తుడుస్తూ నా పక్కన మెల్లిగా, "ఆయన హిట్లు ఒప్పుకోవడం లేదు. ఇదంతా మనకు నేర్పిందే ఆయన" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. ఇంట్లో పెద్దాయన గురించి చెప్పరానిది చెప్పినప్పటి సిగ్గు ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు.

ఆ సాయంత్రం ఆంటీ దగ్గర వాగాను. ఆవిడ యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ వింది.

"చర్చి అయ్యాక లడ్డూ ఇస్తే ఎప్పుడూ వద్దంటాడే, ఆ పెద్దాయనేనా?"

"ఆయనే."

"షుగర్ ఉండుంటదే. లాంగ్ స్టాండింగ్ అయితే నర్వ్స్ పోతాయి. కాళ్ళు, తర్వాత వేళ్ళు. ముందు స్పర్శ, ఆనక పట్టు. మా రెసిడెంట్స్‌లో ఎంతమందికి చూళ్ళేదు? వేడి టీ ఒంపుకున్నా తెలీదు వాళ్ళకి." ఇస్త్రీపెట్టె నిలబెట్టి నా మొహంలోకి చూసింది. "అబద్ధం ఆడట్లేదమ్మా ఆయన. నిజంగా తెలీట్లేదు."

అబద్ధం ఆడుతున్నాడన్నా బాగుండేదనిపించింది ఆ క్షణాన. అబద్ధమైతే మానుకోవచ్చు.

అప్పట్నుంచి నాకు అన్నం సయించలేదు. ఆ కుర్రాడికి నిజం చెబితే ఆయన మంచివాడని తేలుతుంది, కానీ తగిలింది తెలియనివాడు ఆడకూడదన్న ఆయన మాటే ఆయన్ని బయటికి నెడుతుంది. చెప్పకపోతే ఆడుకుంటాడు, కానీ దొంగాటగాడని పేరు పడుతుంది. ఆయనకున్నవల్లా ఆ రెండే, ఆటా, మాటా. ఏదో ఒకటి పోక తప్పదు. ఏది పోవాలో తేల్చడానికి నేనెవర్ని? నిన్నగాక మొన్న వచ్చినదాన్ని. ఆయన్ని కొట్టకుండా ఉందామని ఒక వారం కత్తిని గాల్లోనే ఆపుకున్నాను. ఆట ఆపి, "నా మీద జాలిపడేట్టయితే ఇంటికెళ్ళి చదువుకో" అన్నాడు. మొహం మాడిపోయింది. మళ్ళీ కొట్టాను. కొట్టగానే చెయ్యి జాలీకి వెళ్ళింది. అప్పుడు చూశాను. ఆయన చూపు నా కత్తి మీద లేదు, నా చెయ్యి మీద ఉంది. నా చెయ్యి లేవగానే ఆయన చెయ్యి లేచింది. "హిట్" అన్నాడు.

ఆ తర్వాత ఆయన నాతో తప్ప ఎవరితోనూ ఆడేవాడు కాదు. నేను అద్దుకుంటే ఒప్పుకునేవాడు, అద్దుకోకపోతే సాగేవాడు. ఒక్క హిట్టూ వదిలిపెట్టలేదు. పొడుగాటి కుర్రాడి మొహం తేటపడింది. నాకు మాత్రం ప్రతి ఆటా పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉండేది.

ఆదివారాలు బస్సులు సరిగ్గా ఉండవని ఆయనే కార్లో దింపేవాడు. ఒకరోజు ధైర్యం చేశాను.

"సార్, మా ఆంటీ నర్సు. మీ వేళ్ళకి..."

"మీ ఆంటీ వేళ్ళు చల్లగా ఉండాలి. బిర్యానీ అద్భుతం" అన్నాడు. రెండు సిగ్నళ్ళు దాటాడు. తర్వాత రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఓపెన్ డే అయ్యేదాకా ఆగు. ఆ మధ్యలోది దొరికింది. అందరిముందు ఒక్కసారి చేసి చూపిస్తాను. ఆ తర్వాత నేనే చెబుతాను" అన్నాడు.

"నేనెవరికీ చెప్పలేదు సార్."

"తెలుసు. నీ చెయ్యి నాకు చెబుతోందిగా, చాలు."

ఇంటిముందు దిగి తలుపు వేశాక గేటు దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. అలవాటనుకున్నది ఆయనకు ఆసరా అయిపోయింది. ఆ బరువు నేను అడగలేదు. దించుకునే దారీ కనిపించలేదు.

ఓపెన్ డే, అంటే బయటి జనానికి మా ఆట చూపించే రోజు, వేసవి మొదట్లో, ఊరి చివరి ఒక పార్కులో. వేరే ఊళ్ళనుంచి ఇలాంటి గుంపులు చాలా వచ్చాయి. ఒకపక్క బార్బెక్యూ పొయ్యి మీద సాసేజీలు కాలుతున్నాయి. చర్చి అయ్యాక ఆంటీ కూడా గొడుగేసుకుని వచ్చింది. సార్ నన్ను ఎదురుగా నిలబెట్టుకుని ఆయన కనిపెట్టిన మధ్యలోది చూపించాడు. కత్తులు ఆనాయి. నేను గట్టిగా నొక్కాను. ఆయన మెత్తబడి జారాడు, నా బలం గాల్లోకి పోయింది, ఆయన బక్లర్ వచ్చి నా రెండు చేతుల్నీ కట్టేసింది. మొదటి బొమ్మలోంచి రెండో బొమ్మలోకి మేం నడిచి వెళ్ళాం. వందల ఏళ్ళుగా ఎవరూ గీయని చోట ఆయన అడుగు పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. వేరే గుంపుల పెద్దలు దగ్గరికొచ్చి, మళ్ళీ చూపించమని మళ్ళీ మళ్ళీ అడిగారు. మాస్కు తీసిన ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది.

అయిపోలేదు. ఇది నిజం ఆటలో పనిచేస్తుందా అని ఎవరో అడిగారు. వాళ్ళ తప్పేం లేదు, ఎవరైనా అడిగేదే. పొడుగాటి కుర్రాడు అప్పటికే మాస్కు పెట్టుకుని బరిలో ఉన్నాడు. అంతమందిలో సార్ కాదనలేకపోయాడు. నేను బయటికి వచ్చి ఆంటీ గొడుగు పక్కన నిలబడ్డాను. నిలబడ్డాక గానీ తట్టలేదు, ఆయన ఎదుట నేను లేనని.

మొదటి దెబ్బ కుర్రాడిదే, సార్ ముంజేతి మీద. సార్ సాగబోయి, ఆగి, తల తిప్పాడు. జాలీ వెనక కళ్ళు కనబడవు, అయినా ఆ తల ఎవరికోసం వెతుకుతోందో నాకు తెలుసు. నేను కొట్టలేదు, అద్దుకునే హక్కు నాకు లేదు. అయినా అద్దుకున్నాను. సార్ చెయ్యెత్తాడు. "హిట్." కుర్రాడు తలూపి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

మళ్ళీ మొదలైంది. ఇద్దరూ గుండ్రంగా తిరిగారు. కుర్రాడు పొడిచాడు, సార్ పక్కకు తప్పుకున్నాడు, కత్తి గాల్లోకి పోయింది. అందరూ చూశారు, బెత్తెడు దూరంలో పోయింది. అప్పుడే ఒక ఈగ నా కంటిమీద వాలింది. ఈ దేశపు ఈగల గురించి ఇక్కడ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. కళ్ళలో తడి కోసమే అవి పుట్టాయి, నా కళ్ళు ఆపాటికే తడిగా ఉన్నాయి. చెయ్యి పైకి లేచింది. తోలేశాను. తోలాక అర్థమైంది.

సార్ చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. "హిట్" అన్నాడు, స్పష్టంగా, అందరికీ వినబడేట్టు.

కుర్రాడు కత్తి దించాడు. తగలనిది తగిలిందంటే ఊరుకోవడం వాడికి తెలిసిన పద్ధతి కాదు. "లేదు, నేను మిస్సయ్యాను. మీకు తగల్లేదు" అన్నాడు. అలా అనాలని వాడికి నేర్పిందీ సారే. సార్ చెయ్యి ఇంకా పైనే ఉంది. కుర్రాడు ఆయన్ని చూశాడు, ఆయన తల తిరిగి ఉన్న వైపు చూశాడు, అక్కడ చెయ్యి మొహం దగ్గర పెట్టుకుని నిలబడ్డ నన్ను చూశాడు. తెలివైనవాడు. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆంటీ నా భుజం పట్టుకుని "ఊరుకో తల్లీ, ఊరుకో" అంది. అప్పటిదాకా నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు.

సార్ మాస్కు తీసి, కత్తి గడ్డి మీద పెట్టి, కుర్రాడితో చెయ్యి కలిపాడు. గ్లోవు లాగేశాక చూస్తే చిటికెన వేలు గోరు నల్లబడి, గ్లోవు లోపల రక్తం కట్టింది. అది ఎప్పటి దెబ్బో ఆయనకే తెలియదు. ఆంటీ గొడుగు నాకిచ్చి, ఆయన చెయ్యి అందుకుని గబగబా కట్టు కట్టింది. "నొప్పి లేదు" అన్నాడాయన. "ఐ నో సర్, దట్స్ ద ప్రాబ్లెమ్" అంది ఆంటీ.

ఆ తర్వాత ఆయన ఇక ఆడకూడదని ఆ కుర్రాడు చెప్పాల్సిన పని పడలేదు. తర్వాతి ఆదివారం మా కుర్చీలు పేర్చడం పూర్తికాకముందే వచ్చాడు సార్, ఖాళీ చేతులతో. బొమ్మల ప్లాస్టిక్ కవర్లు కుర్రాడికి అప్పజెప్పి గోడవారగా కూర్చున్నాడు. నేను దగ్గరికెళ్ళి ఏదో అనబోయాను. "ఈగ కదా" అన్నాడు. "ఈగే సార్" అన్నాను. అంతకంటే ఆ విషయం మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అభ్యాసం మొదలయ్యే ముందు ఆయన లేచి, గోడకు ఆనించి ఉన్న ఒక కత్తి తీసుకుని నా ఎదుట నిలబడ్డాడు. "ఇది ఆట కాదులే, కళ్ళు మూసుకో" అన్నాడు. మూసుకున్నాను. ఆయన కత్తి వచ్చి నా కత్తికి ఆనింది. బయట పార్కింగులో మా వాళ్ళ కార్లు వెళ్ళిపోతున్న చప్పుడు వినిపిస్తోంది.

"గట్టిగానా, మెత్తగానా?" అని అడిగాడు.

వేళ్ళతో విన్నాను. ఆయన కత్తి నా కత్తి మీద ఉందో లేదో అన్నట్టుంది. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ ఆ హాల్లో తగిలింది తగిలినట్టే చెప్పాలి.

"మెత్తగా సార్."

ఆయన కళ్ళు తెరవమనలేదు. కత్తి అలాగే ఆనించి ఉంచాడు.

"నా శక్తంతా పెట్టి నొక్కుతున్నానమ్మాయ్" అన్నాడు.